ఇంటిదాకా తప్పు దారే చెబుతాను

అధ్యక్షుల కుర్చీలో కూర్చుని, నా నోటి మీద నమ్మకం లేక ముందుజాగ్రత్తగా బల్ల మీద గంట పెట్టుకున్న డిపో మేనేజరు గారికి, ఆయన పక్కన కూర్చుని నేనేం వాగుతానోనని ఇప్పటినుంచే నుదురు పట్టుకున్న మా డాక్టరమ్మ గారికి, గ్యారేజీ పెద్దలకి, డ్రైవరు కండక్టరు సోదరులకి, అక్కచెల్లెళ్ళకి, ఇన్నేళ్ళూ మమ్మల్ని తిట్టుకుంటూనే మా బస్సెక్కి, ఇవాళ పిలవగానే పనులు మానుకుని వచ్చిన మా ప్రయాణికులకి, వేదిక మీద పిల్లల్నీ మనవల్నీ చుట్టూ పెట్టుకుని కూర్చున్న మా వదినకి, ఆవిడ పక్కనే ఒళ్ళో పూలగుత్తి పెట్టుకుని, దాన్ని వచ్చే స్టాపులో ఎవరైనా దింపుకుంటే బాగుణ్ణన్నట్టు చూస్తున్న మా డ్రైవరన్నయ్యకి, అందరికీ నమస్కారం.

ముందు ఈ గంట సంగతి చెప్పాలి. బస్సు మీద పనిచేసేవాళ్ళ భాష చాలా చిన్నదండీ. తాడు ఒకసారి లాగితే ఆపమని, రెండుసార్లు లాగితే పోనిమ్మని. అంతే. నేనూ అన్నయ్యా ఈ రెండు మాటలతోనే ఇన్నేళ్ళ కాపురం నెట్టుకొచ్చాం. కాబట్టి సార్, మీరు ఒకసారి కొడితే ఆపేస్తాను. పొరపాటున చెయ్యి తగిలి రెండుసార్లు మోగిందా, ఇక సాయంత్రం దాకా నన్ను ఆపేవాడు లేడు. (నవ్వులు)

నాకంటే ముందు మాట్లాడిన పెద్దలంతా కాగితం చూసి చదివారు. అందులో 'అవిరళ కృషి' అని ఒక మాట వచ్చింది. నాకు అర్థం కాలేదు. అన్నయ్య ముఖం చూశాను, ఆయనకీ అర్థమైనట్టు లేదు, పొగిడారా తిట్టారా అని వదిన వైపు చూశాడు. నా చదువు మీకు తెలిసిందే. పదో తరగతి గుమ్మం దాకా వెళ్ళి, లోపల లెక్కల మాస్టారు కనపడితే అటునుంచి అటే వచ్చేసినవాణ్ణి. అదిగో ఆ మాస్టారు రెండో వరుసలోనే ఉన్నారు, రోజూ మా బస్సులోనే వస్తారు. నమస్కారం మాస్టారూ! చూశారా, ఆ చూపు ఇంకా అలాగే ఉంది.

అసలు విషయానికి వస్తాను. అందరూ ఒకసారి ఆ కిటికీలోంచి చూడండి. కడిగి తుడిచి నిలబెట్టిన ఆ బస్సు మనదే. మా డిపోలో ఎప్పటినుంచో ఒక పద్ధతి ఉంది. డ్రైవరు పని విరమించిన రోజున, సభ అయిపోయాక ఇంటివాళ్ళందర్నీ బస్సెక్కించుకుని, స్టీరింగు ముందు తనే కూర్చుని, తన ఇంటి ముందు తనే బ్రేకు వెయ్యాలి. టిక్కెట్టు లేని ట్రిప్పు అది. మనలో ఎంత కోపిష్టి డ్రైవరైనా ఆ ఒక్కరోజు గతుకులు చూసి నడుపుతాడు. మరి ఇవాళ పొద్దున్న మా అన్నయ్య ఏం చేశాడు? మేనేజరు గారి గదిలోకి వెళ్ళి తాళంచెవి ఆయన చేతిలో పెట్టి, "ఇంకెవరినైనా నడపమనండి సార్, నేను వెనక కూర్చుంటాను" అన్నాడు. "ఎందుకయ్యా?" అని సార్ అడిగితే, "మనవల ముందు దారి మర్చిపోతే బాగుండదు సార్" అన్నాడట.

నవ్వకండి. ఇక్కడ నవ్వేది లేదు. ఆ తాళంచెవి ఇప్పుడు మేనేజరు గారి చొక్కా జేబులో ఉంది. నేను ఇవాళ మాట్లాడేది మీకోసం కాదు, ఆ జేబులో ఉన్నదానికోసం. అది అన్నయ్య చేతికి రాకుండా నేను ఈ మైకు వదిలితే, నన్నూ ఇవాళే పని విరమించిన వాడి కింద లెక్కేసుకోండి.

మొదటినుంచి చెప్పుకొస్తాను. మీ అందరికీ ఆ జబ్బు రోజులు గుర్తున్నాయి. బస్సులు ఆగిపోయాయి. నా నోరు ఖాళీగా ఉండడం పుట్టాక అదే మొదలు. ఇంట్లో గోడగడియారంతో హాస్యమాడేవాణ్ణి. అది కూడా కొన్నాళ్ళకి ఆగిపోయింది. ఏ రోజు ఏ వారమో తెలిసేది కాదు. తలుపు మోచేత్తో తట్టడం అలవాటై, మా ఆవిడ చేతికి మంచినీళ్ళు ఇవ్వబోతే గ్లాసు కూడా మోచేత్తో అందుకోబోయాను. రానురాను మాట్లాడడమే మానేశాను. మా ఆవిడ మా అత్తగారికి ఫోను చేసి, "అమ్మా, ఈయన నోరు మూసుకుని కూర్చున్నాడే, నాకు భయమేస్తోంది" అని ఏడ్చింది. మామూలు రోజుల్లో ఇదే మాటకి వాళ్ళింట్లో మిఠాయి పంచేవాళ్ళు! (నవ్వులు)

తరవాత బస్సులు మళ్ళీ తిరిగాయి. జనానికి జబ్బు తగ్గింది గానీ జబ్బు పెట్టిన బుద్ధులు తగ్గలేదు. సీట్ల మీద 'ఇక్కడ కూర్చోకూడదు' అని కాగితాలు అంటించాం కదా, అవి చిరిగి ఊడిపోయినా ఆ సీట్లో ఎవరూ కూర్చునేవారు కాదు. నిలబడి కాళ్ళు పీకుతున్నా సరే, ఖాళీ సీటుని పాముని చూసినట్టు చూసేవాళ్ళు. ఆసుపత్రి స్టాపు వస్తే బస్సు బస్సంతా ఊపిరి బిగబట్టేది. ఒక పెద్దమనిషి గొడుగు అడ్డంగా పట్టుకుని ఎక్కేవాడు, గొడుగంత దూరంలోకి ఎవరూ రాకూడదని. ఎవరైనా దగ్గారా, అంతే, తరవాతి స్టాపులో సగం బస్సు ఖాళీ. అదేదో మంచి ఉపాయంలా ఉందని సాయంత్రం రద్దీలో నేనూ రెండుసార్లు ఉత్తుత్తి దగ్గు దగ్గాను. రోజూ బుట్టతో మా బస్సెక్కే పండ్ల అత్త నారింజ పండు పెట్టి నా వీపు మీద కొట్టింది. అదిగో, అక్కడ చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. అత్తా, ఆ పండు నువ్వు మళ్ళీ ఏరుకుని బుట్టలో వేసుకున్నావు, నేను చూశాను! (నవ్వులు, చప్పట్లు)

ఇవన్నీ నేను వేళాకోళం కింద చెబుతున్నాను గానీ, నిజం చెప్పాలంటే జనాన్ని చూస్తే నాకూ భయంగానే ఉండేది. జనమంటే భయపడే కండక్టరు! నీళ్ళంటే భయపడే చేప లాంటివాణ్ణి. మనిషి చెయ్యి చాపితే నా చెయ్యి దానంతటదే వెనక్కి పోయేది. ఇక్కడున్న వాళ్ళలో ఎంతమందికి అలా అయిందో నాకు తెలుసు. ఎవరికి వాళ్ళం మనకే ఇలా ఉంది కాబోలనుకుని పైకి చెప్పలేదు.

అన్నయ్యకి ఆ జబ్బు గట్టిగానే వచ్చింది. వదిన కళ్ళల్లో ఒత్తులు వేసుకుని కాపలా కాసి బయటపడేసుకుంది. ఒళ్ళు తేరింది, ఊపిరి సర్దుకుంది, పన్లోకి వచ్చాడు. అందరం సంబరపడ్డాం. ఓ మధ్యాహ్నం గడియారం కూడలికి వచ్చాం. మూడు దార్లు. అన్నయ్య ఆ కూడలి ఎన్నివేల సార్లు దాటాడో ఆయనకే తెలియదు. బస్సుని నెమ్మదిగా పక్కకి తీసి, ఆపి, బ్రేకు బిగించి కూర్చున్నాడు. నేను గంట కొట్టాను, కదల్లేదు. ముందుకెళ్ళి, "ఏంటన్నయ్యా, టైరా?" అన్నాను. ఆయన చేతులు స్టీరింగు మీదే ఉన్నాయి. మెల్లగా నావైపు తిరిగి, "ఎటురా?" అన్నాడు.



ఎటురా అన్నాడు. నాకు దారి నేర్పినవాడు నన్ను దారి అడిగాడు. ఆ రోజు ఇంకో డ్రైవర్ని పిలిపించి బస్సు పంపించాం. అన్నయ్య తిరుగు బస్సులో నా భుజం పక్కన కూర్చుని, దారి పొడుగునా బయటికి చూడకుండా తన చేతులే చూసుకుంటూ వచ్చాడు.

అప్పుడు డాక్టరమ్మ గారు మా అందర్నీ కూర్చోబెట్టి చెప్పారు. జ్వరం పోయినా కొందరికి బుర్రలో పొగమంచు పట్టినట్టు ఉంటుందట. మాట నోటిదాకా వచ్చి ఆగుతుంది, ఒకేసారి రెండు పనులు చెయ్యాలంటే ఒకటి జారిపోతుంది. చాలామందికి మెల్లగా విడిపోతుంది. అంతే కదమ్మా? ఆవిడ ఇంకో మాట కూడా అన్నారు, అప్పుడు నేను పట్టించుకోలేదు. "మంచు విడిపోయాక కూడా, విడిపోయిందని ఆ మనిషికి నమ్మకం కుదరడానికి ఇంకా చాలా కాలం పడుతుంది" అన్నారు. అన్నయ్యని కొన్ని నెలలు ఇంటిపట్టున ఉంచారు. రకరకాల పరీక్షలు పెట్టి, డిపో ఆవరణలో నడిపించి చూసి, సరేనన్నాక పక్కన మనిషి ఉండేలా చిన్న రూటు ఇచ్చారు. ఆ పక్కన మనిషిని నేను.

దారి గుర్తుచెయ్యాలి. చేస్తే మనిషి చిన్నబుచ్చుకుంటాడు. ప్రయాణికులకి తెలిస్తే ఇంకా కుంగిపోతాడు. ఏం చెయ్యాలి? నా దగ్గరున్న సరుకు ఒకటే, వాగుడు. అప్పుడు మొదలుపెట్టాను. "రాబోయేది పండ్ల మార్కెట్, ఎడమ చేతి వైపు! భార్య తెమ్మన్నది మర్చిపోయినవాళ్ళు ఇక్కడే దిగి ప్రాణాలు కాపాడుకోండి!" "ఇప్పుడు గడియారం కూడలి, నేరుగా పోతున్నాం! ఆ గడియారం చూసి బయల్దేరినవాళ్ళు ఇవాళ ఆఫీసుకి రేపు చేరతారు!" "బడి వచ్చింది, కుడి చేతి వైపు! మాస్టార్లు ముందు దిగండి, పిల్లలు సంతోషంగా వెనక దిగుతారు!" మీరంతా వీడికి పిచ్చి ముదిరిందనుకున్నారు. అవునా కాదా? ఆ కేకలు మీకోసం కాదండీ. గాజు పలకకి అవతల కూర్చున్న ఆ ఒక్క మనిషికోసం. ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు, మేనేజరు గారికి, డాక్టరమ్మ గారికి తెలుసు. మిగతా లోకానికి నేను వాగుడుకాయని. ఆ పేరు నాకు కొత్తగా వచ్చింది కాదు గనక నష్టమేమీ లేదు.

(అధ్యక్షుల బల్ల మీద గంట ఒకసారి మోగింది)

స్టాపు వచ్చిందా సార్? ఇక్కడ దిగేవాళ్ళెవరూ లేరే! అడగండి, ఎవరైనా దిగుతారేమో. (హాల్లోంచి "పోనీ, పోనీ!" అని కేకలు) విన్నారుగా సార్.

అలా గడిచింది. ఒకరోజు నాకు గొంతు పోయింది. నిజంగానే పోయింది, మామూలు జలుబే, పరీక్ష చేయించుకున్నాను, అత్తా, నారింజ పండు తియ్యకు! మాట పైకి రాలేదు. రోజల్లా గంట తాడు లాగుతూ, చేతులు ఊపుతూ నెట్టుకొచ్చాను. బస్సు డిపోలోకి వచ్చి ఆగాక గానీ నాకు గుర్తు రాలేదు. పొద్దుటినుంచి ఒక్క దారీ చెప్పలేదు! పరిగెత్తుకెళ్ళి, "ఎలా వచ్చావన్నయ్యా?" అని గుసగుసగా అడిగాను. ఆయన నింపాదిగా నీళ్ళు తాగుతూ, "నువ్వు చెప్పావుగా" అన్నాడు.

నేను చెప్పాననుకున్నాడండీ! తన బుర్రే తనకి దారి చెబితే, అది నా గొంతనుకున్నాడు!

డాక్టరమ్మ గారి దగ్గరికి పరిగెత్తాను. ఆవిడ మళ్ళీ పరీక్షలన్నీ చేసి, "ఆయనకి ఇప్పుడేం లేదు, మిగిలింది భయమే. నువ్వు నోరు మూసుకుని చూస్తూ ఉండు" అన్నారు. చూడడం వరకు చూశాను. నోరు మూసుకోవడం నా వల్ల కాలేదు. కేకలు మానేస్తే ఆయనకి అనుమానం వస్తుంది, అనుమానం వస్తే బెదురుతాడు. అందుకని కేకలు ఆపలేదు. కాకపోతే, మొదట డిపో ఆవరణలో ఖాళీ బస్సులో, తరవాత ఆవిడ సరేనన్నాక రూటు మీద, అన్నీ తప్పు అరవడం మొదలుపెట్టాను. (నవ్వులు) "పండ్ల మార్కెట్, కుడి చేతి వైపు!" అని అరిచేవాణ్ణి. బస్సు నిక్షేపంగా ఎడమకి తిరిగేది. "బడి, ఎడమ వైపు!" అనేవాణ్ణి. కుడికి వెళ్ళి బడి ముందే ఆగేది. పండ్ల అత్త, "ఒరేయ్, నీకున్నవి రెండే చేతులు కదరా, ఏది ఏదో తెలియదా?" అని గోలపెట్టేది. మాస్టారు అయితే నా ముఖం చూసి, బళ్ళోనే అనుకున్నాను అన్నట్టు తలాడించేవారు. ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారైనా, అన్నయ్య నా మాట విని తప్పు తిప్పలేదు. నేను వెనక పెదవి కొరుక్కుని కూర్చునేవాణ్ణి. ఆటపట్టించి ఓడిపోయినందుకు అంత ఆనందపడినవాడు ఈ లోకంలో ఇంకొకడు ఉండడు.

ఇప్పుడు అసలు కథ వినండి. ఇది నాకే పోయినవారం తెలిసింది. వదిన మా ఇంటికి వచ్చింది. నేను బయట స్కూటరు తుడుచుకుంటున్నాను. వంటింట్లో మా ఆవిడ చెయ్యి పట్టుకుని, గొంతు తగ్గించి, "అమ్మాయ్, మీ ఆయన్ని ఒకసారి డాక్టరుకి చూపించు. మా ఆయన ఎప్పటినుంచో బెంగ పెట్టుకున్నాడు" అంది. "ఏమైందక్కా?" అంది మా ఆవిడ. "పాపం, మరిదికి కుడీ ఎడమా తెలియట్లేదట. ఆ జబ్బు ఇప్పుడు అతని బుర్రకి ఎక్కిందట. అందరి ముందు చెబితే చిన్నబుచ్చుకుంటాడని ఈయన పైకి అనలేదట. 'నేను స్టీరింగు మీద ఉన్నంతకాలం ఫరవాలేదు, వాడేమన్నా నేను సర్దుకుంటున్నాను, నేను వెళ్ళిపోయాక వాణ్ణెవరు చూస్తారు?' అని రాత్రిళ్ళు నిద్రపోడు" అంది.

(నవ్వులు, చాలాసేపు చప్పట్లు)

మా ఆవిడ వెంటనే నమ్మేసింది. అదీ ఇంట్లో నా పరపతి! నేను లోపలికి రాగానే, "ఏదీ, కుడి చెయ్యి ఎత్తండి చూద్దాం" అంది. మేనేజరు గారిని అడిగితే ఆయన ఇంకో ముక్క చెప్పారు. కిందటేడు అన్నయ్యకి గేటు దగ్గర కుర్చీ పని ఇస్తామన్నారట, ఎండా వానా లేని పని. వద్దన్నాడట. "నేను దిగితే వాడు బస్సుని ఎక్కడికి పంపిస్తాడో సార్" అన్నాడట. నిజమే కదా సార్?

నేను ఆ రోజు పగలబడి నవ్వాను. నవ్వుతూ నవ్వుతూ పెరట్లోకి వెళ్ళి, కుళాయి తిప్పి, చాలాసేపు ముఖం కడుక్కున్నాను. ఎన్నిసార్లు కడిగినా మళ్ళీ తడుస్తోంది. ఇన్నాళ్ళూ ఈయన్ని నేను మోసుకొస్తున్నానని నా మనసులో ఒక మూల గర్వంగా ఉండేది. ఆయన నా గర్వాన్ని కూడా కలిపి మోశాడు.

అన్నయ్యా, ఇటు చూడు. వదినని చూడకు, నన్ను చూడు. ఇంతమందిలో ఒక్క ప్రశ్న అడుగుతాను. నేను తప్పు చెబుతున్నానని నీకెలా తెలిసింది?



మైకు అటివ్వండి ఆయనకి. చెప్పన్నయ్యా.

("మార్కెట్ ఎడమ వైపే కదరా" అన్నారు డ్రైవరు గారు.)

ఎవరు చెప్పారు?

("ఎవరో చెప్పేదేముంది? ఉందిగా అక్కడ.")

గడియారం కూడలి?

("నేరుగా.")

మీ ఇల్లు? ఈ గేటు దాటాక మీ ఇల్లు ఎటు? రూటులో లేని దారి అది, నేను ఒక్కరోజు కూడా నీకు అరిచి చెప్పింది కాదు.

(డ్రైవరు గారు పూలగుత్తిని స్టీరింగులా రెండు చేతులా పట్టుకున్నారు. తరవాత, "కూడలి దాటి ఎడమ. బట్టలు కుట్టే ఆయన కొట్టు దగ్గర లోపలికి. మూడో మలుపులో, నీలం గేటు" అన్నారు. "నీలం కాదండీ, మొన్ననే ఆకుపచ్చ వేయించాం" అన్నారు వారి భార్య.)

అయ్యో వదినా! నువ్వు మా మనిషివా, అవతలి మనిషివా?

(హాలంతా డ్రైవరు గారి వైపే చూస్తోంది. ఆయన తల వంచుకున్నారు. భుజాలు కదిలాయి. ఏడుస్తున్నారేమోనని వారి భార్య వంగి చూశారు. ఆయన నవ్వుతున్నారు. "రంగు మర్చిపోతే ఇల్లెక్కడికి పోతుందే" అన్నారు. చప్పట్లు.)

విన్నారా! మర్చిపోయి నవ్వాడు! ఆ జబ్బు వచ్చాక ఈ మనిషి ఒక్క చిన్న సంగతి మర్చిపోయినా ముఖం పాలిపోయేది. ఇవాళ నవ్వాడు! డాక్టరమ్మా, రాసుకోండి, ఇంతకంటే పెద్ద పరీక్ష మీ దగ్గర ఉంటే పట్టుకురండి! మేనేజరు గారూ, జేబు మీంచి చెయ్యి తియ్యండి, అది మీది కాదు. అన్నయ్యా, మనవల ముందు దారి మర్చిపోతాననేగా నీ భయం? నీకు నేను మాటిస్తున్నాను. ఇంటిదాకా నీ వెనకే నిలబడి, ప్రతి మలుపులోనూ తప్పు దారే చెబుతాను. నువ్వు నా మాట ఎప్పుడూ వినలేదు, ఇవాళ కూడా వినకపోతే చాలు. నేరుగా ఇంటికి చేరతాం.

("ఇంకెవరైనా నడిపితే..." అని డ్రైవరు గారు ఏదో అనబోయారు. వారి భార్య లేచి, అధ్యక్షుల బల్ల మీదికి వంగి, గంట మీద చేత్తో కొట్టారు. ఒకటి. రెండు.)

(డ్రైవరు గారు లేచి నిలబడ్డారు.)

చూశారా! రెండు గంటలు వినపడితే ఆ కాళ్ళు కూర్చోవు! పూలగుత్తి వదినకిచ్చాడు. అదిగో, చెయ్యి చాపాడు. ఇవ్వండి సార్, ఇచ్చెయ్యండి! ఇచ్చారు! పిల్లలూ, తాతగారి వెంట పరిగెత్తండి, కిటికీ సీట్లు పట్టుకోండి, ఎక్కడైనా కూర్చోవచ్చు, ఏ సీటూ ఖాళీగా ఉండకూడదు ఇవాళ! గొడుగు పెద్దమనిషీ, మీరూ రండి, గొడుగు ముడిచి రండి!

నేను ముగించాలి. ఈ సభ ఏర్పాటు చేసిన వారికి, గంట ఉండి కూడా ఒక్కసారే కొట్టిన మేనేజరు గారికి, కుంగిపోయిన మనిషికి మాత్రతోపాటు గడువు కూడా ఇచ్చిన డాక్టరమ్మ గారికి, నేను తప్పు అరిచినన్నాళ్ళూ నన్ను వెర్రివాణ్ణనుకుని భరించిన మాస్టారికి, పండ్ల అత్తకి, తన మగణ్ణి మాకు అప్పిచ్చి ఇవాళ రెండు గంటలు కొట్టి వెనక్కి తీసుకున్న వదినకి...

(బయట బస్సు హారను)

వస్తున్నానన్నయ్యా! కండక్టరు ఎక్కకుండా బండి తియ్యకూడదని నాకు నేర్పింది నువ్వే! అందరికీ దండాలు, మిగతా పొగడ్తలు మనసులో అనుకున్నట్టే లెక్క. డిపో గేటు, ఎడమ చేతి వైపు...

(హాలంతా ఒక్క గొంతుతో, "కుడి!")

సెలవు!